లెక్కలోకి రాని సిట్టింగులు

మా ఆవిడ సైకాలజీ డిగ్రీ చదువుతోందని చెప్పగానే జనం ముందు నా మొహంలోకి చూస్తారు. ఇంట్లో ఏదో తేడా ఉందని, ఆ తేడా నేనేనని వాళ్ళ అనుమానం. ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసుకుని బతికేవాడిని, నాలో తేడా ఉంటే ఉండొచ్చు, కాదనను. కానీ ఆవిడ చదువుకి కారణం నేను కాదు. నేనిప్పుడు ఇంత కోపంగా ఉండడానికి కారణం మాత్రం ఆ చదువే. చదువు కూడా కాదు, చదువు చెప్పినవాళ్ళు.

మొదటినుంచీ చెప్తాను. పెళ్ళినాటికి తను ఒక కిడ్నీ ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పనిచేసేది. డయాలసిస్‌కి వచ్చేవాళ్ళు అస్తమానం రావాల్సిందే కదా, అందరూ మొహం పరిచయమైపోతారు. చీటీ కోసం కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళు చీటీ తీసుకున్నాక కూడా అక్కడే నిలబడిపోయేవారట. కొడుకు మాట్లాడడం మానేశాడని ఒకాయన, తను పోతే పెళ్ళాం ఎలా బతుకుతుందని ఇంకొకాయన. తను వినేది. విన్నాక ఏం చెయ్యాలో తెలియక, అదంతా మోసుకుని ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ కళ్ళు తుడుచుకునేది.

"విన్నాక ఏం చెయ్యాలో నేర్పే చదువు ఒకటుందటండీ" అంది ఒకరోజు.

"ఉంటే చదువు, దానికేం" అన్నాను. అంత తేలిగ్గా అనేసినందుకు తర్వాత మూడేళ్ళు వంట చేశాను. అది వేరే సంగతి.

ఆసుపత్రి మేట్రన్ కూడా మంచి మనిషి. "డిగ్రీ చేసి, దాంతోపాటు క్లినిక్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకో. కౌన్సెలింగ్ గదిలో నిన్నే కూర్చోబెడతాను" అంది. ఆ క్లినిక్ సర్టిఫికెట్ అనే ముక్క గుర్తుంచుకోండి, నా గొడవంతా దాని గురించే. చివరి సంవత్సరంలో విద్యార్థులు యూనివర్సిటీ వాళ్ళ ఉచిత కౌన్సెలింగ్ క్లినిక్‌లో నిజం మనుషులతో కూర్చుని, వాళ్ళ కష్టాలు విని మాట్లాడాలి. ఒక్కో సమావేశాన్ని సిట్టింగ్ అంటారు. కావలసినన్ని సిట్టింగులు పూర్తయితేనే సర్టిఫికెట్. అది లేని డిగ్రీకి మేట్రన్ దగ్గర ఉద్యోగం లేదు.

అలా ముప్ఫై నాలుగేళ్ళ వయసులో మా ఆవిడ మళ్ళీ కాలేజీ మెట్లెక్కింది. పేరుకి అది రెండు భాషల యూనివర్సిటీ. పాఠాలు ఇంగ్లీషులోనూ మన భాషలోనూ చెప్తామన్నారు, పరీక్ష ఏ భాషలో రాసినా సరే అన్నారు. మా ఆవిడకి రెండూ సమానమే. వాళ్ళ నాన్న కంపెనీ క్వార్టర్స్‌లో ఉన్నంతకాలం ఇంగ్లీషు బడి, ఆ కంపెనీ మూతపడ్డాక మామూలు బడి. ఏ భాషలో తిట్టినా తడుముకోదు. నాకు రెండూ అనుభవమే.

మొదటి ఏడాది ఇల్లంతా ప్రయోగశాల అయిపోయింది. జ్ఞాపకశక్తి మీద ప్రయోగమట, అర్థంపర్థం లేని అక్షరాల గుంపులు చదివి నన్ను అప్పజెప్పమనేది. నాకు ఒక్కటీ గుర్తుండేది కాదు. "ఇన్ని ఏసీ మోడల్ నంబర్లు బుర్రలో పెట్టుకున్న మనిషికి మూడక్షరాలు గుర్తుండవా?" అనేది. ఆ నంబర్లు తప్పితే కస్టమర్ తిడతాడు, ఈ అక్షరాలు తప్పితే ఎవరు తిడతారు? అన్నాను. అది రాసుకుంది. మా అమ్మాయి తన పుస్తకాలు సర్దుకున్నప్పుడల్లా దానికి ఒక స్టిక్కర్ ఇచ్చేది. పిల్ల రెండు వారాలు చక్కగా సర్ది, స్టిక్కర్లు అయిపోగానే చేతులెత్తేసింది. "చూశారా, పుస్తకంలో ఉన్నట్టే జరిగింది!" అని సంబరపడిపోయింది మా ఆవిడ. ఇల్లు మాత్రం చిందరవందరగానే ఉంది.

నవ్వులాటలు అక్కడితో సరి. క్లాసులో సంగతి వేరు. లెక్చరర్లు పాఠమంతా ఇంగ్లీషులో దంచేసి, చివర్లో మన భాషలో సారాంశం చెప్పాలి. అది రూలు. ఆ చివర్లో అన్నది ఎప్పుడూ వచ్చేది కాదు, బెల్లు కొట్టేసేవారు. వెనక బెంచీల్లో పిల్లలు చాలామంది పన్నెండో తరగతి దాకా మన భాషలో చదివినవాళ్ళు. తెల్లమొహాలు వేసుకుని కూర్చునేవారట. చూడలేక మా ఆవిడ పక్కనున్న అమ్మాయికి గుసగుసగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి పక్కనున్న ఇద్దరూ చెవులు ఇటు పెట్టారు. నెల తిరిగేసరికి రెండు బెంచీలు ఆవిడ చుట్టూ చేరాయి. లెక్చరర్లు మందలించారా అంటే, అదీ లేదు. హాయిగా సారాంశం మానేశారు. "మన దుబాసీ ఉందిగా" అన్నాడట ఒకాయన. అప్పట్నుంచి తన పేరు దుబాసీ అక్క.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. వేడినీళ్ళు తాగి పుక్కిలించి, అప్పుడు కూర్చుని తన పాఠం తను చదువుకునేది, ఎందుకంటే పక్కవాళ్ళకి చెప్తూ తను రాసుకున్నది ఏమీ ఉండదు. "జీతం తీసుకునేవాళ్ళ పని నువ్వు చేసిపెడుతున్నావు" అని నేను గొణిగితే, "పిల్లలండీ, పాపం" అనేది. పాపం అనే ఆ గుణమే తన కొంప ముంచింది.

చివరి సంవత్సరం క్లినిక్ మొదలైంది. దాన్ని నడిపేది ఒక మేడమ్. పేరెందుకు, మేడమ్ అంటే చాలు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అటెండర్ టీ ఆలస్యంగా తెస్తే మన భాషలో ఆవిడ తిట్టే తిట్లకి వంక పెట్టలేం. క్లినిక్ గడప దాటి లోపలికి వచ్చిందా, ఇంగ్లీషు తప్ప ఇంకేమీ రాదు. మన భాషలో మాట్లాడితే హోదా తగ్గుతుందని కాబోలు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఉచిత క్లినిక్‌కి వచ్చేవాళ్ళు ఎవరు? ఆఫీసులు ఊడ్చేవాళ్ళు, డ్రైవర్లు, చిన్న చిన్న షాపుల్లో పనిచేసేవాళ్ళు. వాళ్ళకి ఇంగ్లీషు రాదు. ముందుగా సిట్టింగులు ఇచ్చింది ఎవరికంటే ఇంగ్లీషులో పరీక్షలు రాసే పిల్లలకి. వాళ్ళకి మన భాష రాదు, వచ్చినా కష్టం చెప్పుకునే మనిషితో మాట్లాడేంత రాదు. ఇంకేముంది, "దుబాసీని పిలవండి" అంది మేడమ్.

ఆ గదిలో మెత్తటి కుర్చీలు రెండు, ఎదురెదురుగా. ఒకదాంట్లో కష్టం చెప్పుకునే మనిషి, ఇంకోదాంట్లో ట్రైనీ, అంటే సిట్టింగ్ చేసే విద్యార్థి. మా ఆవిడకి కొంచెం వెనగ్గా ఒక స్టూలు. గోడకి అద్దం, దాని అవతల నుంచి చూస్తూ మేడమ్. అనువాదం చేసే మనిషికి అక్కడ ఒక రూలుంది. "ఆవిడకి నిద్ర పట్టడం లేదట" అని చెప్పకూడదు. "నాకు నిద్ర పట్టడం లేదు" అనే చెప్పాలి. ఎవరు మాట్లాడితే వాళ్ళే అయిపోవాలి. మధ్యలో సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు, ఊ కొట్టకూడదు, తల కూడా ఊపకూడదట. మా ఫ్రిజ్‌లో రాగి గొట్టంలాగా అన్నమాట. అందులోంచి పోయేదంతా పోవాలి, గొట్టానిదంటూ ఏమీ ఉండకూడదు.

అక్కడ విన్న సంగతులు బయట చెప్పకూడదు కాబట్టి నాకు ఏ ఒక్కరి కష్టమూ తెలియదు. నాకు కనిపించింది మా ఆవిడ మొహం ఒక్కటే. రోజంతా పదిమంది తరఫున నేను, నేను అని చెప్పి వచ్చిన మనిషి, ఇంట్లో మా అమ్మాయి "అమ్మా, నీకేం కావాలే?" అంటే కాసేపు అలా చూస్తూ ఉండిపోయేది. ఎవరైనా చెప్తే అనువదిద్దామని ఎదురుచూస్తున్నట్టు.

"నీ సిట్టింగులు ఎప్పుడు మొదలు?" అని అడిగేవాడిని.

"ఈ బ్యాచ్ అవ్వగానే అన్నారండీ."

ఆ బ్యాచ్ అయింది. ఆ పిల్లలు సర్టిఫికెట్లు తీసుకుని ఫోటోలు దిగి వెళ్ళారు. ఇంకో బ్యాచ్ వచ్చింది. మా ఆవిడ వెళ్ళి అడిగితే మేడమ్ ఏమందో తెలుసా? "నీకు క్లయింట్లని ఇస్తే వీళ్ళకి అనువాదం ఎవరు చేస్తారు? అయినా అందరికంటే ఎక్కువ సిట్టింగుల్లో కూర్చుంటున్నది నువ్వే కదా, అదృష్టవంతురాలివి" అంది. సరే, అలా కూర్చున్నవి లెక్కలో రాస్తారా అని అడిగింది మా ఆవిడ. అవెలా రాస్తాం, నువ్వు ట్రైనీవి కాదు కదా, దుబాసీవి అంది. అదృష్టమంటే ఇదన్నమాట! నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి నాలుగు దులిపేస్తానంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "మీరు వస్తే నేను చదువుకుంటున్న మనిషిని కాదు, మీ భార్యనైపోతాను. వద్దు" అంది. పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

ఆ రెండో బ్యాచ్‌లో కళ్ళజోడు అబ్బాయి ఒకడు. చెడ్డవాడేం కాదు. చేతిలో ప్రశ్నల కాగితం, కాగితం మీంచి కళ్ళెత్తితే ఒట్టు. వాడికి పడిన క్లయింటు ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ, యాభై దాటి ఉంటుంది. ప్రతి గురువారం సెలవు పెట్టుకుని వచ్చేది. వాడు కాగితం చూస్తూ అడిగేవాడు, ఆవిడ మా ఆవిడని చూస్తూ చెప్పేది. వాడివైపు ఒక్కసారి కూడా తిరిగేది కాదట. మా ఆవిడ మాత్రం రూలు ప్రకారం ఊ కొట్టకుండా, తల ఊపకుండా, కళ్ళు నేలకి దించుకుని కూర్చునేది.

ఒక గురువారం పెద్ద వాన. కళ్ళజోడు అబ్బాయికి జ్వరం, రానని కబురు పెట్టాడు. మేడమ్ ఊళ్ళో లేదు, ఏదో సదస్సుకి వెళ్ళింది. దేని మీద సదస్సు? రెండు భాషల్లో మానసిక సేవలు అనే అంశం మీద. నేను కల్పించి చెప్పడం లేదు, పోస్టర్ ఇంకా గేటు దగ్గర వేలాడుతోంది. ఇస్త్రీ ఆవిడ తడిసి ముద్దయి వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఈ రోజు లేదు, వచ్చే వారం రమ్మన్నాడు అటెండర్. ఆవిడ లేవలేదు.

"ఇవాళ చెప్పకపోతే ఇంక నేను చెప్పలేనమ్మా" అంది మా ఆవిడతో. "ఇంత ధైర్యం కూడగట్టుకుని వచ్చాను."

మా ఆవిడ వెళ్ళి ఆ గది తలుపు తీసింది. ఆవిడని లోపలికి తీసుకెళ్ళి ఒక కుర్చీలో కూర్చోబెట్టి, తను స్టూలు మీద కాకుండా ఎదుటి కుర్చీలో కూర్చుంది. అంతవరకే నాకు చెప్పింది. సాయంత్రం ఇంటికొచ్చి, మా అమ్మాయి అడగక్కుండానే "ఆకలేస్తోంది, ఏదైనా పెట్టండి" అంది. ఎన్ని నెలలైందో ఆ గొంతు విని! అన్నం కలిపి పెట్టాను. తింటూ, "ఇవాళ నేను ఒక తప్పు చేశానండీ, చాలా బాగుంది" అంది.

చేసింది దాచలేదు. సిట్టింగ్ రిపోర్టు పద్ధతిగా రాసి, కింద తన పేరు పెట్టి ఫైల్లో ఉంచింది. వారం తర్వాత కళ్ళజోడు అబ్బాయి అది చదివి మురిసిపోయి మేడమ్ దగ్గరికి పరిగెత్తాడు, రిపోర్టు ఎంత బాగుందో చూడండి అని. పాపం, మెచ్చుకుందామనే వెళ్ళాడు. మేడమ్ అగ్గిమీద గుగ్గిలమైపోయింది. అనుమతి లేకుండా, పర్యవేక్షణ లేకుండా, ఒక దుబాసీ క్లయింటుతో సిట్టింగ్ చేసిందా! విచారణ పెట్టారు. తప్పు రుజువైతే సర్టిఫికెట్ సంగతి దేవుడెరుగు, అసలు క్లినిక్ గుమ్మమే తొక్కనివ్వరట.

విచారణ రోజు నేనూ వెళ్ళాను. బయట కారిడార్లోనే కూర్చుంటానని మాటిచ్చి వెళ్ళాను. ఆ ఆఫీసు గదులకి మధ్య చెక్క గోడలు మనిషెత్తు వరకే, పైన అంతా ఖాళీ. లోపల ఎవరు తుమ్మినా బయట వినిపిస్తుంది. నా ఇంగ్లీషు మాన్యువల్ చదివేంత ఇంగ్లీషే, కానీ పెళ్ళాం మీద విచారణ జరుగుతుంటే ఎవడికైనా భాష దానంతటదే వస్తుంది. రాని మాటలూ, కనిపించని సంగతులూ తర్వాత మా ఆవిడ చెప్పింది.

లోపల ముగ్గురు. డిపార్ట్‌మెంట్ పెద్దాయన, మేడమ్, పరీక్షల ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన. పెద్దాయనది వేరే ప్రాంతం. పదేళ్ళుగా రెండు భాషల యూనివర్సిటీలో జీతం తీసుకుంటూ ఒక్క భాషతో నెట్టుకొస్తున్నాడు. పరీక్షలాయనదీ అదే పరిస్థితి. క్లయింటుకి ఏమైనా నష్టం జరిగిందేమో అడగాలని ఇస్త్రీ ఆవిడని కూడా పిలిపించారు. ఆవిడ వచ్చి కూర్చుంది. పెద్దాయన ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగాడు. ఆవిడ బిక్కమొహం వేసింది. అప్పుడు మేడమ్, అలవాటు ప్రకారం, మా ఆవిడకి స్టూలు చూపించింది. కూర్చుని అనువదించమంది.

ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. విచారణ ఎవరి మీద జరుగుతోందో ఆ మనిషినే సాక్షి మాటలు అనువదించమంటున్నామని ఒక్క బుర్రకీ వెలగలేదు! ఏడాదిగా మా ఆవిడని గొట్టంలాగా వాడుకుని, అక్కడ ఒక మనిషి ఉందన్న సంగతే మర్చిపోయారు. నేను కారిడార్లో లేచి నిలబడ్డాను. అటెండర్ నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

మా ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "ఆ గురువారం ఈవిడ మీతో మాట్లాడినందువల్ల మీకేమైనా ఇబ్బంది కలిగిందా, మీకేమైనా ఫిర్యాదు ఉందా?" అంది. ఈవిడ అంటే తనే.

"ఉందమ్మా" అంది ఇస్త్రీ ఆవిడ.

"నాకు నీ మీదే కోపం. ఇన్ని వారాలు నా గోడు మొత్తం విన్నావు. నా మొహం చూడకుండా, గోడతో మాట్లాడినట్టు ఆ అబ్బాయికి అప్పజెప్పావు. నేను ఏడుస్తుంటే ఒక్కసారి అయ్యో అనలేదు నువ్వు. రాయివనుకున్నాను. ఆ వాన రోజున తెలిసింది నీకు నోరుందని, మనసుందని. అంత తెలిసినదానివి మరి మొదట్నించీ ఎందుకమ్మా అలా కూర్చున్నావు? నా ఫిర్యాదు అదే."

ఏం చెప్పిందని పెద్దాయన అడిగాడు. మా ఆవిడ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట మెత్తబరచలేదు. నాకు ఈ అనువాదం చేసే మనిషి మీద కోపం. నేను ఏడుస్తుంటే అయ్యో అనలేదు. రాయి అనుకున్నాను. అలా తనమీద తనే, నేను నేను అంటూ మొత్తం చెప్పింది.

వెంటనే పరీక్షలాయన అన్నాడు కదా, "అయితే క్లయింటు ఫిర్యాదు ఉందన్నమాట" అని. రాసుకోవడం కూడా వినిపించింది నాకు, పెన్ను అలా గీకుతున్నాడు. అంత విన్నాక ఇంతేనా అర్థమైంది ఆ మహానుభావుడికి! ఇలాంటివాళ్ళు సైకాలజీ పరీక్షలకి మార్కులేస్తారు.

పెద్దాయన మా ఆవిడని అడిగాడు, నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా అని. ఇంగ్లీషులో చెప్తుందనుకున్నాను, అందరూ అలాగే అనుకుని ఉంటారు. మా ఆవిడ స్టూలు మీంచి లేచింది, స్టూలు కాళ్ళు నేలకి రాసుకున్న చప్పుడు వినిపించింది. లేచి మన భాషలో మాట్లాడింది.

"ఏడాదిగా ఈ క్లినిక్‌కి వచ్చిన ప్రతి మనిషి ఏడుపూ నా నోట్లోంచే వెళ్ళింది. వాళ్ళని అడిగిన ప్రతి ప్రశ్నా నా నోట్లోంచే వచ్చింది. సర్టిఫికెట్లు మాత్రం అందరికీ వచ్చాయి, నాకు తప్ప. నా వంతు ఎప్పుడని అడిగిన ప్రతిసారీ తర్వాత అన్నారు. ఆ రోజు ఈవిడ బెంచీ మీంచి లేవలేకపోయింది. తలుపు తీశాను. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ తీస్తాను. మీకు నేను క్షమాపణ చెప్పను. చెప్పాల్సి వస్తే ఈవిడకి చెప్తాను, ఇన్నాళ్ళూ రాయిలా కూర్చున్నందుకు."

బయట నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అటెండర్ కూడా అటు తిరిగి నిలబడ్డాడు.

పెద్దాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇప్పుడు అనువదించేవాళ్ళు ఎవరు? మేడమ్ వైపు తిరిగాడు. ఏమంటోంది అని అడిగాడు. మేడమ్ గొంతు సవరించుకుంది. సవరించుకుని, చక్కటి ఇంగ్లీషులో చెప్పింది: "తను చేసినదానికి చాలా బాధపడుతోంది సార్. క్షమించమని అడుగుతోంది."

అంతవరకూ నాకొచ్చినవన్నీ నాకు తెలిసిన కోపాలే. ఇది వేరు. కస్టమర్ డబ్బు ఎగ్గొట్టినప్పుడు వచ్చే కోపం కాదిది. ఒక మనిషి నోరు తెరిచి అన్న మాటని ఇంకో మనిషి, నవ్వుమొహంతో, మంచి చేస్తున్నాననే అనుకుంటూ, నిట్టనిలువునా మార్చేసింది. మేడమ్‌కి మన భాష రాక కాదు. ప్రతి అక్షరం అర్థమైంది కాబట్టే మార్చింది. తర్వాత మా ఆవిడతో అందట, "నిన్ను కాపాడదామనే అలా చెప్పాను, అర్థం చేసుకో" అని. కాపాడ్డమట! నేను అడిగేది ఒక్కటే. ఏడాదిపాటు ఎవరెవరి ఏడుపులనో మధ్యలో కూర్చుని మోసిన మా ఆవిడ, ఎవరినైనా కాపాడదామని ఒక్క మాటైనా అలా మార్చి చెప్పిందా? ఇందాక తనమీద వచ్చిన ఫిర్యాదునైనా మార్చిందా?

"లేదు సార్" అంది మా ఆవిడ, ఈసారి ఇంగ్లీషులో. "నేను అలా అనలేదు. నేనన్నది ఇది." అని తన మాటలు తనే అనువదించుకుంది. మొదటినుంచి చివరి దాకా, క్షమాపణ చెప్పను అన్నది కూడా కలిపి. ఇస్త్రీ ఆవిడకి ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఏం జరిగిందో అర్థమైనట్టుంది. "సరిగ్గా చెప్పు తల్లీ, అంతా చెప్పు" అంటోంది మధ్యలో.

మేడమ్ కుర్చీలో సర్దుకుంది. చివరికి పెద్దాయన ఒకే ప్రశ్న వేశాడు, అది కూడా మేడమ్‌కి. "ఈవిడ కాకుండా మన క్లినిక్‌లో అనువాదం ఇంకెవరైనా చేశారా ఎప్పుడైనా?" లేదంది మేడమ్. "మంచిది" అన్నాడు. మేడమ్‌లాగా మార్చి చెప్పేవాళ్ళు ఎవరూ ఆ స్టూలు మీద కూర్చోలేదని ఆయన భావం కాబోలు.

తీర్పు చెప్తాను, విని మీరే చెప్పండి. ఆ వాన రోజు సిట్టింగ్ పద్ధతి ప్రకారమే జరిగిందని రిపోర్టు చూస్తే తెలుస్తోందట, కాబట్టి అది తప్పుగా పరిగణించరట. పైగా లెక్కలోకి తీసుకుంటారట. ఇస్త్రీ ఆవిడ ఒప్పుకుంటే ఇకమీదట మా ఆవిడే చూడొచ్చట, ఇంకో ఇద్దరు క్లయింట్లని కూడా ఇస్తారట. అంతవరకు బాగుంది. మరి ఏడాదిగా స్టూలు మీద కూర్చున్నవన్నీ? అవి రూలు ప్రకారం సున్నా. ఏ ఒక్కటైతే నేరమని విచారణ పెట్టారో ఆ ఒక్కటీ లెక్కకొచ్చింది. గొడ్డుచాకిరీ అంతా గాల్లో కలిసిపోయింది. మిగతా పిల్లలతో పాటు పట్టా తీసుకుంటుంది గానీ సర్టిఫికెట్ కోసం ఇంకో ఆరు నెలలు ఆగాలి. అప్పటిదాకా ఆసుపత్రి కౌన్సెలింగ్ గదిలో ఆ కుర్చీ ఖాళీగా ఉంచుతానని మేట్రన్ మాటివ్వలేకపోయింది. చూద్దామంది.

బయటికి రాగానే నేను అందుకున్నాను. "ఏడాది పని సున్నా ఏంటి? కోర్టుకెళ్దాం. పేపర్లో వేయిద్దాం. ఆ మేడమ్..."

"ఆగండి" అంది. "ఇన్నాళ్ళూ నేను చేసినవి సిట్టింగులు కావు, నిజమే. ఆ ఇస్త్రీ ఆవిడ చెప్పింది విన్నారుగా. అందులో నాదంటూ ఒక్క మాట లేదు."

"అలా ఉండమన్నది వాళ్ళే కదా!"

"అవును. అందుకే నాకూ కోపంగానే ఉంది. మీ ఒక్కరికే అనుకోకండి."

అది విన్నాక నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. ఒంటరిగా కోప్పడ్డం చాలా కష్టమండీ.

తర్వాత సోమవారం తనని దింపడానికి స్కూటర్ మీద వెళ్ళాను. క్లినిక్ బయట నోటీసు బోర్డు మీద కొత్త కాగితం అంటించి ఉంది. కౌన్సెలింగ్ క్లినిక్‌లో అనువాదానికి రెండు భాషలూ బాగా వచ్చిన విద్యార్థి కావాలి, సేవాభావం ఉన్నవారు రావచ్చు అని. ఆ కాగితం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. వెనక బెంచీల్లో మా ఆవిడ పక్కన కూర్చునే అమ్మాయి దాని ముందు నిలబడి, వేలితో ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుతోంది. మూడేళ్ళలో ఆ పిల్లకి ఇంగ్లీషు బాగానే పట్టుబడింది, అది కూడా మా ఆవిడ నోటి చలవే.

"అక్కా, నేను పేరిస్తే బాగుంటుందా? నీలాగా నేర్చుకోవచ్చు కదా?" అని అడిగింది.

మా ఆవిడ నా చొక్కా జేబులోంచి పెన్ను లాగింది. నేను కంప్రెసర్ నంబర్లు రాసుకునే పెన్ను, లావుగా రాస్తుంది. బోర్డు మీద ఆ కాగితం కింద ఖాళీలో, మన భాషలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: ఈ పనికి సిట్టింగులు లెక్కలోకి రావు. లెక్కలో రాస్తామని కాగితం మీద పెట్టించుకునే వరకు ఎవరూ ఒప్పుకోకండి.

మా ఆవిడ ఒక క్షణం ఆలోచించి అదే సంగతి ఇంగ్లీషులో కూడా రాసింది, మేడమ్ ఎవరినీ అర్థం అడగక్కర్లేకుండా. కింద తన పేరు రాసి సంతకం పెట్టి, పెన్ను నా జేబులో పెట్టేసి, ఇస్త్రీ ఆవిడ వచ్చే వేళయిందంటూ లోపలికి వెళ్ళిపోయింది.